ఆర్పకుండా నిలబడిన రోజు

మొన్న మా పాత ఫైర్ స్టేషన్ వాళ్ళు పిలిచారు. కొత్తగా చేరినవాళ్ళకు నా అనుభవాలు చెప్పాలట. రిటైరైన మనిషికి ఇలాంటి పిలుపు వస్తే ఇస్త్రీ చొక్కా వెతకడం దగ్గర్నుంచే హడావుడి మొదలవుతుంది. ఉప్పుగూడలో ఆటో ఎక్కి, చెప్పిన సమయానికి చాలా ముందే వెళ్ళి కూర్చున్నాను. అందరూ బట్టల గోదాము మంటల కథ అడిగారు. ఆ కథ చెప్పినప్పుడల్లా గోదాముకు ఒక అంతస్తు పెరుగుతోందని మా ఆవిడ ఎప్పుడో కనిపెట్టింది. అందుకే ఈసారి అది మానేసి గడ్డి కథ ఎత్తుకున్నాను. గడ్డి అనగానే వాళ్ళ మొహాలు వాడిపోయాయి. కథ సగంలో ఉండగానే గంట మోగింది, అందరూ బండి వైపు పరుగెత్తారు. మిగిలిన సగం చెప్పే అవకాశం రాలేదు. అందుకే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మొత్తం ఇక్కడ రాస్తున్నాను. తీరిక ఉన్నప్పుడు చదువుకోండి.

నేను రిటైర్ కావడానికి కొన్నేళ్ళ ముందు మాట ఇది. అప్పటికి నేను బండి మీద వెళ్ళే జట్టుకు పెద్దను. ఒకరోజు మా ఆఫీసరు పిలిచి, జల్‌పల్లి అవతల చిట్టడవి ఉంది కదా, అక్కడ అటవీ శాఖ వాళ్ళకు తోడుగా మీ జట్టు పోవాలి అన్నారు. "నిప్పంటుకుందా సార్?" అని అడిగాను. "అంటుకోలేదు, వాళ్ళే పెడతారు" అన్నారు. నాకు బుర్రకెక్కలేదు. బయటికొచ్చి మా డ్రైవర్ భాయ్‌కి చెబితే ఆయన నా మొహం వంక అనుమానంగా చూశాడు.

"జిందగీ మొత్తం ఆగ్ బుఝాయించినం భాయ్. ఇప్పుడు లగాయించెటోళ్ల ఎంబడి పోవాల్నా? లోగ్ క్యా బోలేంగే?" అన్నాడు. బతుకంతా నిప్పు ఆర్పి ఇప్పుడు పెట్టేవాళ్ళ వెంట పోతే జనం ఏమనుకుంటారని ఆయన బాధ.

ఈ భాయ్ గురించి చెప్పాలి. పాతబస్తీ గల్లీలో ఎదురుగా పెళ్ళి బారాత్ వచ్చినా, నీళ్ళ బండిని ఏ గోడకూ తగలకుండా వెనక్కి తీయగల మొనగాడు. నోరు మాత్రం ఆగదు. ఇక మా జట్టులో బ్రాంచ్ పట్టేది గౌలిపుర అతను. బ్రాంచ్ అంటే గొట్టం చివర నీళ్ళు చిమ్మే మూతి. పాలు అమ్ముకునే ఇంట్లో పుట్టి, బర్రెల మధ్య పెరిగి ఈ ఉద్యోగానికి వచ్చాడు. మంట కనపడిందంటే ఎవరూ చెప్పకముందే అతని చెయ్యి బ్రాంచ్ మీద ఉండేది. ఆ చురుకుదనం చూసి మేమంతా మురిసిపోయేవాళ్ళం.

అతని తల్లి చిన్నప్పుడే పోతే మేనత్త పెంచింది. గౌలిపురలో బర్రెలు కట్టేసే చోటు కరువయ్యాక ఆమె జల్‌పల్లి చివర, సరిగ్గా ఆ చిట్టడవి కంచెను ఆనుకుని కొట్టం వేసుకుంది. అంతకుముందు ఎండాకాలం ప్లాట్ల వైపు ఎవరో చెత్తకు నిప్పు పెడితే, అది అడవిలో పడి, అక్కణ్ణించి ఆమె కొట్టం మీదికి వచ్చింది. గడ్డివాము మొత్తం పోయింది. బర్రెల తాళ్ళు కోసి బయటికి తరిమింది గానీ, మూలన కట్టేసిన పెయ్యదూడ ఆమెకు అందలేదు. మా బండి చేరేసరికి ఆర్పడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

అప్పటినుంచి ఆ కొట్టంలో ఎవరినీ అగ్గిపుల్ల గీయనిచ్చేది కాదు. సాయంత్రం దోమలకు వేపాకు పొగ పెట్టడం కూడా మానేసింది. బర్రెలు తోకలతో ఒళ్ళంతా కొట్టుకుంటుంటే గుడ్డ పట్టుకుని విసిరేది తప్ప పొగ మాట ఎత్తేది కాదు. అలాంటి మనిషి దగ్గరికి వెళ్ళి, నీ కంచె పక్కన మేమే నిప్పు పెడతాం అని చెప్పాలి.

చెప్పే పని అటవీ శాఖ రేంజి ఆఫీసరమ్మ తన మీదే వేసుకుంది. ఖమ్మం వైపు మనిషి, చిన్న వయసు. కొట్టంలో బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని, ముందు ఆ పెయ్యదూడ కథంతా విన్నది. తర్వాత తన సంగతి చెప్పింది. చిట్టడవి అంటే పెద్ద చెట్లు లేని పనికిరాని నేల అని నేను కూడా అనుకునేవాణ్ణి. కాదట. పొట్టి గడ్డి, రేగు పొదలు, బండలు, మధ్యమధ్య ఖాళీ నేల, అదే దాని అసలు రూపమట. కౌజు పిట్టలు, కుందేళ్ళు బతకాలంటే అలాంటి చోటే కావాలి. చుట్టూ కంచె వేశాక పశువులు రావడం ఆగిపోయింది, గడ్డి కోసేవాళ్ళూ లేరు. ఏటికేడు ఎండిన గడ్డి మీద ఎండిన గడ్డి పేరుకుని నిలువెత్తు అయింది. తలంబ్రాల కంప అల్లుకుపోయింది. కింద మొలకకు ఎండ తగలదు, పిట్టకు నడిచే దారి లేదు. ఎండాకాలం ఒక్క బీడీ ముక్క పడితే మళ్ళీ పోయినేటి కథే. అందుకని చలికాలంలో, నేలలో ఇంకా తడి ఉండగా, గాలి నెమ్మదిగా ఉన్న పొద్దుట, ముక్కలు ముక్కలుగా మనమే కాల్చేయాలి.

"కోస్తె అయిపాయె గదా బిడ్డా. అగ్గెందుకు?" అంది అత్త.

"కోయించామమ్మా. కంప కోస్తే మొదట్లోంచి మళ్ళీ రెట్టింపు లేస్తోంది. ఆ ముదురు గడ్డి మీ బర్రెలు మూతి కూడా పెట్టవు. కాలిస్తే వానలకు లేత గడ్డి వస్తుంది. అది కోసుకోవడానికి మిమ్మల్ని నేనే లోపలికి రానిస్తాను."

"నీ మాటలు మంచిగనే ఉన్నయ్. అగ్గికి నీ మాట ఇనవడ్తదా?" అని, ఆమె మా వైపు తిరిగింది. "మీరేంది మల్ల? ఆర్పెటోళ్లు వెట్టెటోళ్లకు కావలికొచ్చిన్రా?"

"నేను గూడ అదే అడుగుతున్న అక్కా" అన్నాడు భాయ్. నేను ఆయన కాలు తొక్కాను.

చివరికి ఆమె ఒక షరతు మీద ఒప్పుకుంది. కంచె దగ్గర నీళ్ళ గొట్టం పట్టుకుని నిలబడేది ఆమె మేనల్లుడే కావాలి. ఇంకెవరినీ నమ్మదు. బర్రెలను మాత్రం ఎక్కడికీ తోలదు, తను కూడా కదలదు. ఆ రోజుకు బర్రెలను దూరంగా కట్టుకోమని రేంజి ఆఫీసరమ్మ ఎంత బతిమాలినా వినలేదు. "మీకు భరోసా ఉంటె నేనెందుకు ఖాళీ చేయాలె?" అంది. అందరి ముందే మేనల్లుణ్ణి పిలిచి, "ఈసారి గిట్ల నా కొట్టానికి ఏమన్న అయితె, నువ్వు మల్ల నా వాకిట్ల అడుగు వెట్టకు" అని చెప్పింది. పెంచిన మనిషి ఆ మాట అంటే ఎలా ఉంటుందో అతని మొహంలోనే కనపడింది. అతను సరే అని తలవంచుకున్నాడు.

అనుకున్న రోజు పొద్దున్నే చేరుకున్నాం. గడ్డి మీద మంచు ఆరేదాకా ఆగాలి. ఈలోగా వరసగా నిలబడి, ఆ రోజు కాల్చాల్సిన ముక్కనంతా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాం, లోపలున్న జీవాలను బయటికి తోలడానికి. అటవీ శాఖ వాళ్ళు కర్రలతో పొదలు తట్టారు. మా భాయ్ చప్పట్లు కొడుతూ "చలో చలో, ఖాళీ కరో, బాద్ మే ఆనా" అని, ఖాళీ చేసి తర్వాత రమ్మని కుందేళ్ళకు ఉర్దూలో చెప్పాడు. ఒక కుందేలు నిజంగానే ఆయన కాళ్ళ మధ్య నుంచి దూసుకుపోయింది. "సంఝా, సంఝా" అని, దానికి తన మాట అర్థమైందని ఆయన తెగ సంబరపడ్డాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న భుజాన ఎక్కించుకుని ఇటువైపు తెచ్చి తీతర్ కూత వినిపించేవాడట. కౌజు పిట్టనే వాళ్ళు తీతర్ అంటారు. ఆ పొద్దుట ఒక్కటి కూడా కూయలేదు.

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం శ్రద్ధగా చదవండి, తర్వాత లొల్లి అంతా దీంట్లోనే ఉంది. గాలి కొట్టం వైపు నుంచి అడవి వైపు వీస్తోంది. నిప్పు అవతలి చివర పెడతారు. అప్పుడది గాలికి ఎదురు నడుస్తూ, మోకాలెత్తు మంటతో నిదానంగా కొట్టం వైపు వస్తుంది. కంచె ముందు గడ్డి చెక్కేసి మట్టి దారి తీసి ఉంచారు. అక్కడికి వచ్చాక కాలడానికి ఏమీ దొరక్క తనంతట తానే చచ్చిపోతుంది. మా పని ఆ దారి దాటి పడిన రవ్వల్ని ఆర్పడం, అంతే. "మంటను మాత్రం ముట్టుకోకండి, రానివ్వండి" అని ఆఫీసరమ్మ మాకు మరీ మరీ చెప్పింది. అందరం బుద్ధిగా తలలూపాం.

ఆమె చేతిలో పొడుగు ముక్కున్న ఒక డబ్బా ఉంది. అది పట్టుకుని నడుస్తుంటే నిప్పు చుక్కలు చుక్కలుగా గడ్డి మీద రాలుతుంది. అవతలి చివర పొగ లేచింది. చిటపటలు వినపడ్డాయి. మేం చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డాం. నా ఉద్యోగంలో అంత ఇబ్బందిగా ఎప్పుడూ నిలబడలేదు. ఆకలితో ఉన్నవాణ్ణి పెళ్ళి పంక్తిలో కూర్చోబెట్టి, విస్తరి నిండా వడ్డించి, తినొద్దు అన్నట్టు ఉంది. నా చేతులు వాటంతట అవే ముందుకు పోతుంటే జేబుల్లో పెట్టుకున్నాను.

చాలాసేపు అంతా చెప్పినట్టే జరిగింది. మంట బుద్ధిమంతుడిలా నేలబారుగా కాల్చుకుంటూ వచ్చింది. కంచెకు ఇంకో ప్లాటు వెడల్పు దూరం ఉందనగా మంట కనపడి బర్రెలు అరవడం మొదలుపెట్టాయి. అత్త కొట్టంలోంచి బయటికొచ్చి గడ్డివాముకు వీపు ఆనించి నిలబడింది. మేనల్లుడు ఒక్కసారి వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. మరుక్షణం బ్రాంచ్ తిప్పాడు.

ఎంత బాగా ఆర్పాడో చెప్పలేను. కంచె పొడవునా ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక్క మంట మిగల్చలేదు. మరి మేమేం చేశాం? "శభాష్!" అని అరిచాం. భాయ్ ఇంజన్ దగ్గర్నుంచి ప్రెషర్ పెంచి ఇచ్చాడు. బండిలో నీళ్ళు అడుగంటేదాకా పోశాం. జేబుల్లోంచి చేతులు తీసి నేను చప్పట్లు కూడా కొట్టాను.

ఆఫీసరమ్మ అవతలి చివర నుంచి ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చింది. "ఎందుకు ఆర్పారు?"

"మంట వచ్చింది మేడం" అన్నాడు అతను.

"రావాలి కదండీ!"

మేమందరం ఆమెను వెర్రిగా చూశాం. మమ్మల్ని ఊపిరి ఎందుకు పీల్చారని అడిగినట్టే అనిపించింది. అప్పుడామె కోపం దిగమింగుకుని, వేలు పెట్టి చూపించింది. కాలిపోయిన నేలంతా నల్లగా పడి ఉంది, ఇక దానితో భయం లేదు. మిగిలిపోయింది ఒకే ఒక్క పట్టీ. నిలువెత్తు ఎండు గడ్డితో, సరిగ్గా అత్త కంచెకు ఎదురుగా. ఏది ముందు పోవాలో అదే మిగిలింది. దాన్ని అలా వదిలేసి వెళ్తే ఎండాకాలానికి ఆమె వాకిట్లో మందుగుండు పెట్టి వెళ్ళినట్టే. మళ్ళీ అంటించి కాల్చాలి, అదీ ఈ రోజే. "ముందు బండి నింపుకుని రండి" అంది. భాయ్ మారు మాట్లాడకుండా బండి తీశాడు. ఆయన మాట్లాడకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

గాలికి మా బండి కోసం ఆగే పని లేదు కదా. ఎండ ముదిరేసరికి తిరగబడింది. ఇప్పుడు అడవి వైపు నుంచి కొట్టం వైపు వీస్తోంది. కాలిన నేలలో తలంబ్రాల మొద్దులు ఇంకా రగులుతున్నాయి. ఒక మొద్దులోంచి రవ్వలు లేచి, మేం తడిపిన అంచు దాటి, పట్టీ మధ్యలో పడ్డాయి. లోపల గడ్డి పొడిగానే ఉంది. భగ్గుమంది. ఈసారిది మోకాలెత్తు మంట కాదు. గాలిని వెంటేసుకుని మనిషెత్తున కంచె మీదికి వస్తోంది. బండి లేదు. గొట్టం ఎండిపోయి నేల మీద పడి ఉంది. మా చేతుల్లో ఉన్నవి తడి గోనెసంచులు, పచ్చి కొమ్మలు. చుట్టుపక్కల కొట్టాల ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి గడ్డివాము మీద తడి సంచులు కప్పసాగారు. పోయినేటి పెయ్యదూడ నా కళ్ళ ముందు మెదిలింది. దేవుడా, ఈమెకు రెండోసారి వద్దు అనుకున్నాను.

"అందరూ దారికి ఇవతలికి రండి!" అని ఆఫీసరమ్మ అరిచింది. ఆ డబ్బా పట్టుకుని, మట్టి దారి వెంట కంచె పక్కనే పరుగెడుతూ, గడ్డి ఇవతలి అంచుకు నిప్పు పెట్టుకుంటూ పోయింది. ఎదురుగా వస్తున్న మంట చాలదన్నట్టు మా కాళ్ళ ముందే ఇంకో మంట లేచింది.

"ఏం చేస్తున్రు మేడం! ఇటు దిక్కు ఎందుకు పెడ్తున్రు!" అని మేనల్లుడు గావుకేక పెట్టాడు. బర్రెల తొట్టిలో బకెట్ ముంచుకుని ఆ కొత్త మంట మీదికి ఉరికాడు. పెద్ద మంట వచ్చేలోపు దానికి దొరక్కుండా ఆమె గడ్డిని ముందే కాల్చేస్తోందని నాకు అర్థమైంది. అతన్ని ఆపాలనీ అర్థమైంది. కానీ మంట ఆర్పబోయేవాణ్ణి ఆగమనడం నా నోటికి అలవాటు లేదు.

బకెట్ ఎత్తిన అతని చేతిని అత్త పట్టుకుంది.

"ఆగు అల్లుడా."

"ఇడువు అత్తా! వామి అంటుకుంటది!"

"ఆగు అంటున్న. జెర కండ్లు వెట్టి సూడు. గది మన దిక్కు వస్తలేదు, అటు పోతున్నది."

నిజంగానే అటే పోతోంది. చిన్న మంట నేలను నల్లగా చేసుకుంటూ మా నుంచి మెల్లగా దూరం జరుగుతోంది. పెద్ద మంట దాని మీదికి ఉరికి వస్తోంది. రెండూ కలిసిన చోట ఒక్కసారి హోరుమని పైకి లేచింది. బర్రెలు తాళ్ళు తెంపుకునేలా గుంజాయి. వేడికి నా మొహం చుర్రుమంది. అత్త మాత్రం కళ్ళు తిప్పలేదు, అతని చెయ్యి వదల్లేదు. కాలడానికి ఇటూ అటూ ఏమీ లేకపోవడంతో ఆ మంట లేచినంత వేగంగానే కూలిపోయింది. నాలుగు రవ్వలు ఎగిరొచ్చి వాము మీది తడి సంచుల మీద పడ్డాయి. అప్పుడు వదిలింది చెయ్యి.

"ఇప్పుడు పోయ్ నీళ్లు" అంది. అతను బకెట్ మొత్తం గుమ్మరించాడు.

కాసేపటికి భాయ్ సైరన్ మోగించుకుంటూ నిండు బండితో వచ్చాడు. దిగి చూస్తే మేమంతా మట్టిలో కూలబడి నవ్వుతున్నాం. "క్యా హువా? ఖతమ్? నేను లేకుండనే?" అని ఆయన నొచ్చుకున్నాడు. ఆఫీసరమ్మకు పైనుంచి ఫోన్ వచ్చింది, మంట ఎందుకు పెద్దదైందని. "గాలి మారింది సార్. ఫైర్ వాళ్ళు చాలా బాగా నిలబడ్డారు" అంది. నేను పక్కనే ఉన్నాను. మా నిర్వాకం ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను.

"మంట చూసి ఆర్పకుండా ఉండగలిగే ఫైర్‌మన్‌ను పక్కన పెట్టుకుని నేనేం చేసుకోను సార్?" అని నవ్వింది.

ఆ మాటకు ఇప్పటికీ ఆమెకు మనసులో దండం పెట్టుకుంటాను. అంతకన్నా ఎక్కువగా ఆ అత్తకు. ఆమె ఆ రోజు చెయ్యి పట్టుకోకపోతే మేం ఇంకోసారి బ్రహ్మాండంగా ఆర్పి, కొట్టాన్ని కాల్చి ఉండేవాళ్ళం. మీ చేతులకూ ఆ చురుకుదనం రావాలి, రాకపోతే ఈ ఉద్యోగం చేయలేరు. కానీ ఎప్పుడైనా ఒకరు వచ్చి మీ చెయ్యి పట్టుకుంటే, విదిలించుకునే ముందు ఒక్కసారి అటు చూడండి.

ఆ తర్వాత వచ్చిన వానాకాలం సంగతి కూడా చెప్పేస్తాను, లేకపోతే భాయ్ ఊరుకోడు. పనిగట్టుకుని అటు వెళ్ళి, నాకు ఫోన్ చేసి, "సునో భాయ్" అని ఫోన్ గాల్లోకి ఎత్తి పట్టుకున్నాడు. నాకు గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. "తీతర్! తీతర్!" అని ఆయనే అరిచాడు. వినపడిందనే చెప్పాను.

అయితే అసలు సంగతి దానికన్నా ముందు, ఎండాకాలంలోనే జరిగింది. ఒక సాయంత్రం మళ్ళీ అదే చోటు నుంచి ఫోన్ వచ్చింది. ప్లాట్ల వైపు చెత్త మంట అడవిలో పడిందని. దారంతా మేనల్లుడు బ్రాంచ్ ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు. వెళ్ళి చూస్తే మంట మేం కాల్చిన ముక్క దాకా వచ్చి, అక్కడ పొట్టి మొలకలు తప్ప ఏమీ దొరక్క, మా అవసరం లేకుండానే ఆరిపోయి ఉంది. అందరం హమ్మయ్య అనుకునేంతలో భాయ్ చెయ్యి చాపి చూపించాడు. అత్త కొట్టంలోంచి పొగ లేస్తోంది.

బండి పూర్తిగా ఆగకముందే అతను దూకాడు. బ్రాంచ్ లాక్కుని వాకిట్లోకి పరుగెత్తాడు, వెనకాలే నేను. లోపల పాత ఇనప తట్టలో నిప్పుల మీద వేపాకు పొగలు కక్కుతోంది. చుట్టూ బర్రెలు అరమోడ్పు కళ్ళతో నెమరు వేస్తున్నాయి. అత్త అట్టముక్కతో విసురుతూ తలెత్తి చూసింది.

"ఏయ్ అల్లుడా! దీన్ని గిట్ల ఆర్పినవంటె సూడు మల్ల."

అతను బ్రాంచ్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"నిలవడి ఏం సూస్తున్నవ్? దోమలు మస్తున్నయ్. కూసొని జెర ఊదు."

అతను బ్రాంచ్ కింద పెట్టాడు. హెల్మెట్ తీసి పక్కన పెట్టి, తట్ట ముందు గొంతుక్కూర్చుని, నిప్పును ఊదడం మొదలుపెట్టాడు.